శుభ్రమైన కొసన ముద్ర

కంచరపాలెం రైలు గేటుకు ఇవతల ఉన్న ఒక కలప డిపోలో నేను పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. మొదటి ఆరేళ్ళు దుంగలు కొలిచాను. తరువాతి పన్నెండేళ్ళు చెక్కలకు రకం కట్టాను. రకం కట్టడమంటే, రంపం కింద నుంచి వచ్చిన ప్రతి చెక్కనూ చూసి ఇది మొదటి రకం, ఇది రెండు, ఇది మూడు, ఇది పొయ్యిలోకి అని తేల్చడం. తేల్చాక దాని కొసన సుత్తితో ఒక దెబ్బ వేయాలి. సుత్తి మొహాన గుండ్రంలో ఒక అంకె చెక్కి ఉంటుంది, రకాన్ని బట్టి ఆ మొహం మారుస్తాం. దెబ్బ పడితే ఆ అంకె చెక్కలోకి దిగుతుంది. వానకు తడిసినా, ఎండకు మాడినా పోదు.

నేను చేరిన కొత్తలో, అంటే డెబ్బైల మొదట్లో, ఈ పని మా డిపోలో లేదు. కొనేవాడు తనే వచ్చి, చెక్కను తిరగేసి, వేలి కణుపుతో కొట్టి చూసుకుని పట్టుకెళ్ళేవాడు. రైలు పట్టాల కింద వేసే దిమ్మలకు మాత్రం రైల్వే వాళ్ళ మనిషి సుత్తి పట్టుకుని వచ్చేవాడు. తరువాత ఊరు మారింది. పోర్టు పెరిగింది, ఉక్కు ఫ్యాక్టరీ వస్తోందన్నారు, గోదావరి జిల్లాల నుంచి, కృష్ణా నుంచి కాంట్రాక్టర్లు దిగారు. వాళ్ళు చెక్కను చూడకుండానే లారీ లెక్కన అడిగేవారు. చూడకుండా కొనేవాడికి, చూసినవాడు ఒకడు ఉన్నాడని గుర్తు కావాలి. అలా మా డిపోలోకి సుత్తి వచ్చింది.

దాన్ని మొదట పట్టినవాడు ఒక ముసలాయన. కుర్రతనంలో ఆ రైల్వే మనిషి వెనక దిమ్మలు తిరగేసే కూలీగా తిరిగి, చూసి చూసి నేర్చుకున్నాడు. ఆయన్ని నేను మావా అనేవాణ్ణి. దుంగ కొలవడం నాకు నేర్పింది ఆయనే. దుంగ నడుం చుట్టూ దారం చుట్టాలి. ఆ దారాన్ని నాలుగు మడతలు వేయాలి. మడత పొడవును అంతే పొడవుతో హెచ్చించి, దుంగ పొడవుతో మళ్ళీ హెచ్చిస్తే ఘనపుటడుగులు వస్తాయి. నేను చదివింది ఎనిమిదో తరగతి. మిగతా లెక్కలు పాత పుస్తకాల బండి మీద కొన్న రెండు పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను. ఒకరోజు గుండ్రానికి సూత్రం పెట్టి చూస్తే, దారం లెక్కకు పది ఘనపుటడుగులు వచ్చిన దుంగలో నిజానికి పన్నెండు ముప్పావు దాకా కలప ఉందని తేలింది. పరుగున వెళ్ళి ముసలాయనకు చెప్పాను.

"ఆ రెండు ముప్పావూ బెరడుకీ, రంపం తినీదానికీను," అన్నాడు ఆయన తల ఎత్తకుండా. "ఎప్పట్నించో అంతే. నువ్వు ఈవేళ కనిపెట్టేవు, అంతే తేడా."

నాకది ఆయన ఓటమిలా కనిపించింది. లెక్క తెలియని చోట అలవాటును అడ్డం పెట్టుకుంటున్నాడనుకున్నాను. తరువాత జరిగినదానికి విత్తనం అక్కడే పడిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆయన రకం కట్టే తీరు ఇలా ఉండేది. చెక్క పొడవునా అరచెయ్యి రాసుకుంటూ వెళ్ళేవాడు. సుత్తి వెనక వైపుతో తట్టి చెవి ఒగ్గేవాడు. ఎక్కడో ఒకచోట ఆగేవాడు. అక్కడ ముడి ఉండేది, లేకపోతే పగులు ఉండేది. ముడి అంటే చెట్టుకు కొమ్మ మొలిచిన చోటు. చెక్కలో అది నల్లటి కన్నులా కనిపిస్తుంది, దాని చుట్టూ గీత వంకర తిరుగుతుంది. ఆయన అక్కడ జాన పెట్టి, ఆ జానెడు మేరనే చూసి రకం చెప్పేవాడు. మిగతా పదమూడడుగులు అద్దంలా ఉన్నా ఆయనకు పట్టేది కాదు.

పద్నాలుగడుగుల చెక్కకు జానెడు చూసి తీర్పు చెప్పడం నాకు నచ్చలేదు. పైగా ఆయన చూపు తగ్గుతోంది. ఒక పొద్దున ఆయన రకం చెప్పి ఇంకా ముద్ర వేయని పది చెక్కలకు అడుగున చిన్న సుద్దగీత పెట్టి, మధ్యాహ్నం వేరే దొంతరలో కలిపి మళ్ళీ ఆయన ముందుకే పంపాను. వాటిలో నాలుగు చెక్కలకు రకం మారింది. డిపో షావుకారును పిలిచి చూపించాను.

షావుకారు అమలాపురం వైపు మనిషి. చెక్కల్ని చూశాడు, ముసలాయన్ని చూశాడు. "ఇదేవిటండీ, పొద్దున్నోటీ మధ్యాహ్నమోటీనా?" అన్నాడు.

"పొద్దుట ఎండ ఏరు, ఇప్పుడెండ ఏరు బాబూ," అన్నాడు ముసలాయన.

ఆ నెలలోనే నేను పట్టిక తయారుచేశాను. బొటనవేలు వెడల్పుకు లోపు ముడికి ఒక మార్కు. అంతకు మించితే రెండు, పక్కన చీలిక కూడా ఉంటే రెండున్నర. పగులుకు పొడవును బట్టి. చెక్కలోని మార్కులన్నీ కూడి, అడుగుల పొడవుతో భాగించాలి. అడుగుకు అర మార్కు దాటకపోతే మొదటి రకం. అర దాటి ముప్పావు లోపైతే రెండు. అలా. ప్రతి ముడి చుట్టూ నీలం పెన్సిలుతో సున్న చుట్టి పక్కన మార్కు వేసేవాణ్ణి. పట్టికను ఒక అట్టకు అంటించి రంపం పాకలో వేలాడదీశాం. చదవడం వచ్చిన ఎవరైనా రకం కట్టొచ్చు. ఒకే చెక్కను పదిసార్లు చూసినా ఒకటే జవాబు వచ్చేది. ఒకటే జవాబు వస్తే అది సరైన జవాబని నేను నమ్మాను.

కాంట్రాక్టర్లకు బాగా నచ్చింది. సుత్తి నా చేతికి వచ్చింది. ముసలాయన కొన్నాళ్ళు గేటు దగ్గర దుంగ మీద వచ్చి కూర్చునేవాడు, తరువాత రావడం మానేశాడు.

ఒక అలవాటు మాత్రం ఆయన నాటి నుంచి అలాగే ఉండిపోయింది. ముద్రను చెక్కకు శుభ్రంగా ఉన్న కొసన వేయడం. ముడి దగ్గర సుత్తి ఎగిరిపడి అంకె చెదురుతుంది. శుభ్రమైన కొసన స్పష్టంగా దిగుతుంది. దొంతర పేర్చేటప్పుడు ముద్రలున్న కొసలన్నీ రోడ్డు వైపు పెట్టేవాళ్ళం, వచ్చేవాడికి ముందు అవే కనిపించాలని. ఒక చెక్కకు ఒకటే దెబ్బ. రెండో కొసన వేయకూడదు. అదీ పాత నియమమే.

మా చెక్కల్లో ఎక్కువ భాగం పరంజాలకు వెళ్ళేవి. సరుగుడు కర్రలు నిలబెట్టి, అడ్డకర్రలు తాళ్ళతో కట్టి, వాటి మీద మా చెక్కలు పరిస్తే, తాపీవాళ్ళు, తట్టలు మోసేవాళ్ళు వాటి మీద నడుస్తారు. ఆ పరంజాలు కట్టే మేస్త్రీ ఒకడు మా వెనక వీధిలో ఉండేవాడు. విజయనగరం దగ్గర పల్లెవాడు. వరసకు ఏమీ కాకపోయినా నన్ను బావా అనేవాడు, నేనూ అలాగే అనేవాణ్ణి. చెక్కలు తీసుకెళ్ళడానికి తనే వచ్చేవాడు. నేను పెన్సిలు పట్టుకుని సున్నలు చుడుతుంటే బీడీ కాలుస్తూ చూసేవాడు.

"పెళ్ళిసూపుల్లో మా చెల్లిని కూడా ఇంతసేపు సూసుండవు బావా," అన్నాడొకసారి.

"మీ చెల్లిని నేను చూడలేదు కదా."

"సూసుంటే మార్కులేసేవోడివి. మంచిదే అయింది." తరువాత చెక్క కొసన అంకె మీద వేలు పెట్టి, "నాను ఇది సూసే ఎక్కుతాను. ఇది ఉంటే ఇంకేటీ సూడను," అన్నాడు.

ఆ మాటకు నేను సంతోషించాను.

ఎనభైలు వచ్చి రెండు మూడేళ్ళైన ఎండాకాలం. గాజువాక దారిలో ఒక కాంట్రాక్టరు నాలుగంతస్తుల భవనం కట్టిస్తున్నాడు. మెట్లగది వెనక గోడ ఇరుకు, పద్నాలుగడుగుల చెక్క పట్టదు. అక్కడి వడ్రంగి ఒక చెక్కను నడిమికి కోసి రెండు ముక్కలు చేశాడు. మేస్త్రీ ఒక ముక్కను కింద అంతస్తుకు, రెండోదాన్ని పైకి వేశాడు. పై ముక్క మీద సిమెంటు తట్ట మోసే ఒక ఆడమనిషి నిలబడి, తాడు వదులైందని పిలిచింది. ముప్పై దాటని మనిషి, శ్రీకాకుళం పక్క నుంచి తల్లితో పనికి వచ్చింది. మేస్త్రీ తాడు బిగించడానికి ఆ చెక్క మీదికే ఎక్కాడు. ఇద్దరి బరువుకూ అది విరిగింది. ఆమె కింద ఇటుకల మీద పడి అక్కడే ప్రాణం విడిచింది. మేస్త్రీ మధ్యలో అడ్డకర్ర తగిలి పక్కకు పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

విరిగిన ముక్క మీద ముద్ర లేదు. ముద్ర లేని చెక్క పరంజాకు వేయకూడదని కాంట్రాక్టరు ముందే చెప్పి ఉంచాడు. కనుక ఆమె చావు మేస్త్రీ మీదికి వచ్చింది. ఎక్కడో దొరికిన పుచ్చు చెక్క వేశాడన్నారు. రెండోనాడు ఆమె తల్లి వచ్చి మేస్త్రీ ఇంటి గుమ్మం ముందు కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. సాయంత్రం దాకా కూర్చుని వెళ్ళిపోయిందట.

నేను పెద్దాసుపత్రికి వెళ్ళాను. మంచాలు చాలక అతన్ని వరండాలో చాప మీద పడుకోబెట్టారు. కాలికి బరువు కట్టి ఉంది.

"రేపు ఆళ్ళు ఇచారణకి వత్తన్నారంట," అన్నాడు. "నిన్నూ పిలుత్తారు. బావా, ఆ ముక్క ఇంకా మెట్ల కాడే పడుంది. నువ్వు పొద్దుటే ఎల్లి కొసన ఓ దెబ్బ ఏసీ."

"విరిగిన చెక్క మీద ముద్ర వేయడమేటి?"

"సెక్క నీది కాదేటి? మీ డిపోలోదే. నాను తెచ్చిందే. కోసినప్పుడు ముద్దర ఆ ముక్కకి పోనాది, ఈ ముక్కకి నేదు. రెండూ ఒక తల్లి పిల్లలే కదా అని ఏసీసేను. ఎన్నిసార్లు ఎయ్యలేదు."

"జరిగాక వేసింది దొంగ ముద్ర అవుతుంది బావా. నేను ఏది ఉందో అదే చెబుతాను."

"అయితే ఉన్నదే సెప్పు," అన్నాడు.

మర్నాడు షావుకారు, నేను కలిసి వెళ్ళాం. దారిలో ఆయన ఒక్క మాటే అన్నాడు. "అడిగినదానికే చెప్పవయ్యా. అడగనిది నీ దగ్గరే ఉంచుకో."

కాంట్రాక్టరు తరఫు ఇంజనీరు, ఒక హెడ్ కానిస్టేబులు ఉన్నారు. విరిగిన ముక్క రెండు తునకలుగా నేల మీద పెట్టి ఉంది. వంగి చూశాను. ఎక్కువ వెతకనక్కర లేకపోయింది. మూడు ముడులు, నాలుగడుగుల మేరలో, ఒకదాని పక్కన ఒకటి. మూడింటి చుట్టూ నీలం సున్నలు. పక్కన నా చేతిరాత: రెండు, రెండు, రెండున్నర. సరిగ్గా నడిమి ముడి గుండా విరిగింది.

"ఈ ముక్క మీద మీ డిపో ముద్ర ఉందా?" అని అడిగాడు ఇంజనీరు.

"లేదు."

"ముద్ర లేని చెక్క మీరు అమ్ముతారా?"

"అమ్మం."

కానిస్టేబులు రాసుకున్నాడు. ఆ నీలం సున్నలేమిటని ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి సిద్ధంగానే ఉన్నాను. అలా సిద్ధంగా నిలబడి ఉండగానే విచారణ అయిపోయింది. మేస్త్రీ నిర్లక్ష్యం వల్ల అని రాశారు. నేను చెప్పిన రెండు జవాబులూ నిజాలే. ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు సరిచూసుకున్నా అవి నిజాలుగానే వస్తున్నాయి.

ఇంటికి వచ్చి కాగితం మీద ఆ చెక్కను గీశాను. రెండు, రెండు, రెండున్నర కలిపితే ఆరున్నర. పద్నాలుగడుగులకు ఏడు దాకా మొదటి రకం. కనుక నా పట్టిక ప్రకారం అది మొదటి రకమే. కానీ ఆరున్నర మార్కులూ ఒకవైపే ఉన్నాయి. నడిమికి కోస్తే ఒక ముక్కకు సున్న, రెండోదానికి ఏడడుగుల్లో ఆరున్నర. అంటే పరంజాకు పనికిరాని మూడో రకం ముక్క. మంచి ముక్క చెడ్డ ముక్కను తన వెనక దాచి నా భాగహారం దాటించింది. అక్కడితో ఆగలేదు. ముద్ర ఎప్పుడూ శుభ్రమైన కొసనే కదా వేసేది. కనుక ఏ చెక్కను కోసినా ముద్ర మంచి ముక్కకే పోతుంది, ముద్ర లేనిది ఎప్పుడూ చెడ్డ ముక్కే అవుతుంది. కోయకపోయినా తప్పు తప్పే. చెక్క తన పొడవంతా సగటు చేసుకుని విరగదు. ఒక్కచోట విరుగుతుంది.

ముసలాయన ఇంటికి వెళ్ళాను. గేటు అవతల పెంకుటింట్లో ఒకే గది. కంటికి పొర కమ్మింది. గొంతు బట్టి గుర్తుపట్టాడు. కాగితం చూపించి లాభం లేదు కనుక నోటితో చెప్పాను. అంతా విన్నాడు.

"బళ్ళో పంతులు గుంటలకి మార్కులేసినట్టు ఏసేవు," అన్నాడు. "ఓ పరీచ్చలో తప్పితే ఇంకోదాన్లో కలిపీసేవు. సెక్కకి ఆ దారి నేదురా. నాను పొద్దుటోటి మద్దాన్నమోటి సెప్పుంటాను, కాదన్ను. ఆ నాలుగూ మొదటి రకం నించి రెండుకి పోనాయి, రెండు నించి మూడుకి పోనాయి. కిందకే గాని పైకి ఎళ్ళాయేటి?"

నేను గుర్తుచేసుకున్నాను. నాలుగూ కిందికే వెళ్ళాయి. అనుమానం వచ్చినప్పుడల్లా ఆయన కిందికే దించాడు. ఆ రోజు నేను ఎన్ని మారాయో లెక్కపెట్టాను కానీ ఎటు మారాయో చూడలేదు.

"ఆ ముక్క మీద నీ రాత ఉందేటి?" అన్నాడు.

"ఉంది."

"మరి ఆళ్ళకి సెప్పేవా?"

"అడగలేదు మావా."

ఆయన చుట్ట వెలిగించుకున్నాడు.

పట్టిక అట్ట దించేశాను. షావుకారుకు కారణం చెప్పాను. "ఉన్న సరుకు మార్చుకో, పోయినదాని ఊసెత్తకు," అన్నాడు. డిపోలో ఉన్న మొదటి రకం చెక్కలన్నీ మళ్ళీ చూశాను, ఈసారి జానెడు మేరనే. ప్రతి తొమ్మిదింటికీ ఒకటి చొప్పున పనికిరానిది దొరికింది. ఎన్ని అమ్మేశామో నాకు తెలుసు, అవి ఏ పరంజాల మీద ఉన్నాయో తెలియదు. తెలిసిన చోట్లకు వెళ్ళాను. ఒకరిద్దరు చూడనిచ్చారు. మిగతావాళ్ళు ముద్ర చూపించి, ఇది నీదే కదా, ఇంకేం కావాలి అన్నారు.

అప్పటికి నెలన్నర గడిచింది. చివరికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. చెక్క బొమ్మ గీశాను, మూడు ముడులూ చూపించాను, విరిగిన ముక్క మా డిపోదేననీ, దానికి రకం కట్టింది నేనేననీ, తప్పు పట్టికదనీ, మేస్త్రీది కాదనీ రాసి సంతకం పెట్టాను. కాంట్రాక్టరు ఆఫీసు ద్వారకా నగర్‌లో మేడ మీద ఉండేది. గుమాస్తా మొదటి పేజీ సగం చదివాడు.

"ఇప్పుడెందుకండీ ఇది? ఆ ఫైలు కట్టేశాం కదా."

"దాంట్లో పెట్టండి. తీసుకున్నట్టు నా నకలు మీద రాసివ్వండి."

రాయలేదు. ఊదారంగు రబ్బరు ముద్ర ఒకటి నా నకలు మీద కొట్టి ఇచ్చాడు. అందినది అనే మాట, కింద తేదీ. నేను ఉద్యోగం పోగొట్టుకోవడానికి సిద్ధపడే వెళ్ళాను. దాని అవసరం కూడా రాలేదు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

ఆ నకలు తీసుకుని మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. కేసు కోర్టు దాకా వెళ్ళలేదు కానీ, అతనికి పరంజా పని ఇచ్చేవాళ్ళు లేరు. మనిషిని చంపిన మేస్త్రీ అనే మాట అన్ని సైట్లకూ పాకింది. కర్ర ఊతం మీద గుమ్మంలోకి వచ్చాడు. అతనికి చదువు రాదు. నేనే చదివి వినిపించాను.

"నా తప్పు కాదని ఉందా అందులో?"

"ఉంది."

"ఎవులు రాసేరు?"

"నేనే."

"ఆళ్ళు ఒప్పుకున్నారా?"

"లేదు బావా. అందిందని ముద్ర వేశారు, అంతే. ఒప్పుకున్నట్టు కాదు."

కాగితం తీసుకుని ఊదా ముద్ర మీద వేలితో తడిమాడు. డిపోలో చెక్క కొసన అంకెను తడిమినట్టే. "ముద్దరంటూ ఉంది కదా," అన్నాడు. "ఆవేళే ఏసుంటే..." అని ఆగిపోయాడు.

"ఈ ముద్ర దేనికీ పనికిరాదు బావా," అన్నాను.

"నీకు పనికిరాదు. నాకుండనీ."

తరువాత అతను కుంటుకుంటూ సైట్ల గేట్ల దగ్గరికి ఆ కాగితం పట్టుకుని తిరిగాడు. ఆమె తల్లిని వెతుక్కుంటూ బస్సెక్కి శ్రీకాకుళం పక్కకు కూడా వెళ్ళాడు. ఆవిడకీ చదువు రాదు. ముద్ర చూపించాడట. ఆవిడ చూసి తిరిగి ఇచ్చేసిందని చెప్పాడు. ఏమన్నదని నేను అడగలేదు.

నాలుగైదేళ్ళలో ఇనుప గొట్టాల పరంజాలు వచ్చాయి. వాటికి చెక్కలూ ఇనుపవే. మా డిపోలో దొంతరలు తగ్గాయి, సుత్తి వాడే రోజులు తగ్గాయి. మేస్త్రీ రైలు గేటు దగ్గర సైకిళ్ళ కాపలా పనిలో కుదిరాడు. ఎవరైనా కొత్తవాడు కాలు సంగతి అడిగితే జేబులోంచి కాగితం తీసేవాడు. నేను ఆ దారినే రోజూ వెళ్ళాలి. నన్ను చూసి బావా అని పిలిచేవాడు, అది మానలేదు.

ఒకరోజు ఆ కాగితం తెచ్చి ఇచ్చాడు. మడతల దగ్గర నాలుగు ముక్కలుగా విడిపోయింది. డిపోకు తీసుకెళ్ళి బల్ల మీద పరిచి, అంచులు కలిపి, వెనక మల్లుగుడ్డ ముక్క పెట్టి మైదా జిగురుతో అతికించాను. ఆరేదాకా అతను ఎదురుగా దుంగ మీద కూర్చున్నాడు. ఆరాక తీసుకుని తనే మడత పెట్టుకున్నాడు, ఊదా ముద్ర ఉన్న కొస పైకి కనబడేలా.